గద్దల లెక్కలో వాలిన చోటునూ రాయాలి

సంపాదకులకు నమస్కారం.

వెడల్పు చేసిన ఒక రహదారి వెంట కరెంటు తీగల మీదా స్తంభాల మీదా గద్దలు, డేగలు మునుపటికన్నా ఎక్కువగా కనిపిస్తున్నాయనీ, కాబట్టి వేటాడే పక్షుల సంఖ్య పెరిగినట్టేననీ మీ పత్రికలో ఇటీవల ఒక వార్త వచ్చింది. పక్షుల గురించి వార్త రావడమే అరుదు కనుక చదివి సంతోషించాను. విలేకరి శ్రద్ధగా ఆ దారిలో తిరిగి, చూసిన పక్షులను లెక్కపెట్టి రాశారని వాక్యాలే చెబుతున్నాయి. అయితే ఆయన చూసినది నిజమే అయినా, దాన్నుంచి తేల్చిన మాట నిజం కాకపోవచ్చు. కొన్నేళ్లుగా స్నేహితులతో కలిసి రోడ్ల వెంట వేటాడే పక్షులను లెక్కించే పనిలో ఉన్నవాణ్ణి. అదే పొరపాటు మేమూ చేశాం కాబట్టి అది ఎక్కడ జరుగుతుందో కొంత వివరంగా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

రోడ్డు మీద పోతూ మనం లెక్కించేది అక్కడున్న పక్షులను కాదు, మన కంటపడిన పక్షులను. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాను ఎక్కువగా నిర్ణయించేది పక్షి ఎక్కడ వాలిందన్న సంగతే. ఆకులు దట్టంగా ఉన్న చెట్టు లోపలి కొమ్మ మీద కూర్చున్న జాలె డేగ పక్కనుంచి పది బండ్లు పోయినా ఎవరికీ కనిపించదు. అదే డేగ తీగ మీద కూర్చుంటే బండి నడిపేవాడికి కూడా కనిపిస్తుంది. రహదారి వెడల్పు చేసినప్పుడు ముందుగా పోయేవి అంచునున్న పెద్ద చెట్లు. ఆ చెట్లమీద వాలే పక్షులకు మిగిలేవి కొత్తగా పాతిన స్తంభాలు, వాటి మధ్య తీగలు. అంతకుముందు ఆకుల చాటున ఉన్న పక్షి ఇప్పుడు ఆకాశం ముందు నల్లగా, స్పష్టంగా కూర్చుంటుంది. పక్షి పెరగలేదు, చాటు పోయింది.

ఒక ఊహా లెక్కతో చెబితే విషయం తేలికగా అర్థమవుతుంది. ఒక దారి వెంట నలభై పక్షులు ఉన్నాయనుకుందాం. వాటిలో ముప్పై చెట్లలో, పది తీగల మీద వాలుతున్నాయి. చెట్లలో ఉన్నవాటిలో మూడో వంతే మన కంటపడతాయి, తీగల మీదివి అన్నీ కనిపిస్తాయి. అంటే మన పుస్తకంలో చేరేది పదీ పదీ కలిపి ఇరవై. తరువాతి ఏడాది చెట్లు కొట్టేశారు. నలభైలో పది పక్షులు ఆ చోటు విడిచి వెళ్లిపోయాయి, మిగిలిన ముప్పై తీగల మీదే వాలుతున్నాయి, అన్నీ కనిపిస్తున్నాయి. మన లెక్క ఇరవై నుంచి ముప్పైకి పెరిగింది. నిజానికి పక్షులు నాలుగో వంతు తగ్గాయి, కాగితం మీద మాత్రం సగం పెరిగాయి. రెండు సంవత్సరాల్లోనూ పక్షి పేరు పక్కన వాలిన చోటు రాసి ఉంటే ఈ మోసం పట్టుబడేది. చెట్ల గడి ఖాళీ అయి తీగల గడి నిండిందని చూడగానే తెలిసిపోయేది.

బండిలో పోతూ రోడ్డు వెంట పక్షులను లెక్కించే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో మార్గరెట్ మోర్స్ నైస్ అనే పక్షి పరిశోధకురాలు అరిజోనా నుంచి మసాచుసెట్స్ దాకా కారులో ప్రయాణిస్తూ లెక్కించిన గద్దల వివరాలను 1934లోనే ప్రచురించారు. ఆ తరువాత కార్లు, రోడ్లు పెరిగినకొద్దీ ఇది ప్రపంచమంతటా వ్యాపించింది. వేటాడే పక్షులు ఎక్కడైనా పలుచగా, దూరదూరంగా ఉంటాయి. నడిచి వెతికితే రోజంతా తిరిగినా రెండు మూడు కనిపించడం కష్టం. బండిలో ఒక ఉదయం అరవై, డెబ్భై కిలోమీటర్లు చూడవచ్చు. ఖర్చు తక్కువ, మళ్లీ మళ్లీ అదే దారిలో చేయవచ్చు. అందుకే లోపాలున్నా దీన్ని ఎవరూ వదిలిపెట్టలేదు, వదిలిపెట్టకూడదని నేనూ అంటాను.

దీని విలువ ఎంతో మన దేశంలోని రాబందుల కథే చెబుతుంది. 1990ల మొదట్లో ఉత్తర భారతంలో వాహనాల్లో తిరిగి వేటాడే పక్షులను లెక్కించిన దారుల్లోనే పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాశ్, ఆయన సహచరులు 2000లోనూ, ఆ తరువాత పలుమార్లు 2007 దాకానూ మళ్లీ తిరిగి లెక్కించారు. తెల్లవీపు రాబందు 1992 నుంచి 2007 నాటికి 99.9 శాతం తగ్గిపోయిందని, అంటే వెయ్యింట ఒకటి మిగిలిందని తేలింది ఆ లెక్కలతోనే. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు, వాటి కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి చంపుతోందని 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన బయటపెట్టింది. 2006లో మన దేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. ఒకే దారి, ఒకే పద్ధతి, పదిహేనేళ్ల ఎడం. అంత పెద్ద పతనానికి కొలత దొరికింది ఈ మూడింటి వల్లనే. ఆఫ్రికాలోనూ ఇదే జరిగింది. ఇరవై నుంచి నలభై ఏళ్ల ఎడంతో అవే దారుల్లో చేసిన లెక్కలను కలిపి చూసిన ఒక అధ్యయనం 2024లో వెలువడింది. సవానాల్లోని, అంటే చెట్లు పలుచగా ఉన్న గడ్డి మైదానాల్లోని 42 రకాల వేటాడే పక్షుల్లో 88 శాతం రకాలు తగ్గాయని అందులో రాశారు. ఇంతటి పెద్ద మార్పులను పట్టుకునేటప్పుడు చిన్న తప్పులు ఓడిపోతాయి. కాని మీ వార్తలో ఉన్నట్టు ఒక దారిలో, ఒకటి రెండేళ్లలో, కాస్త పెరుగుదలో తరుగుదలో చెప్పాలంటే ఆ చిన్న తప్పులే మొత్తం జవాబును తలకిందులు చేయగలవు.

రాబందుల కథలో వాలడానికి సంబంధించిన ఒక ముచ్చట ఉంది, దాన్ని దాటిపోలేను. మరణాలు మొదలైన రోజుల్లో భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ పార్కులో రాబందులు కొమ్మల మీద మెడ కిందికి వేలాడేసి గంటల తరబడి కూర్చోవడాన్ని పరిశీలకులు గమనించి రాసుకున్నారు. అది జబ్బు లక్షణమని అప్పట్లో చాలామంది భావించారు. తరువాత పాకిస్తాన్‌లో రాబందులను వెంబడించి చూసినవారు ఆ భంగిమను బట్టి ఏ పక్షి చస్తుందో చెప్పలేమనీ, అది ఎండకు ఒంటి వేడి తగ్గించుకునే తీరు కావచ్చుననీ తేల్చారు. మొదటి భావన తప్పయినా ఆ రాతలు వృథా కాలేదు. పక్షి ఎలా కూర్చుంది, ఎప్పుడు కూర్చుంది అని ఎవరో కాగితం మీద పెట్టబట్టే దాన్ని పరీక్షించడం, సరిదిద్దడం వీలైంది. చూసినప్పుడు రాసుకున్న మాటకు ఉన్న గౌరవం ఇదే.

ఇక వాలే తీరు ఒక్కో జాతికి ఒక్కోలా ఉంటుంది కనుక అన్నింటినీ కలిపి ‘గద్దలు’ అని లెక్కిస్తే ఏమీ తెలియదు. రోడ్డు వెంట అందరికన్నా ముందు కనిపించేది అడవి రామదాసు అనే చిన్న గద్ద. ఒక చలికాలపు ఉదయం మా బండి ఒక స్తంభానికి యాభై అడుగుల దూరంలో నిలిచిపోయింది. రెండు స్తంభాల మధ్య తీగ మీద అది కూర్చుని ఉంది. బూడిదరంగు వీపు, తెల్లని రొమ్ము, భుజం మీద నల్లని మచ్చ. కన్ను నెత్తుటి ఎరుపు. కూర్చున్నంతసేపూ తోకను మెల్లగా పైకెత్తి దించుతూనే ఉంది, మధ్యమధ్య తలను ఒక పక్కకు వంచి కింద గడ్డిలోకి చూసింది. ఒకసారి తీగ విడిచి కొంచెం దూరం పోయి, గాలిలో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడి, కాళ్లు కిందికి వేలాడేసి, మెట్లు దిగినట్టు దిగి, చివరి అడుగుల్లో రెక్కలు పైకెత్తి పడిపోయింది. గడ్డిలోంచి ఎలుకతో లేచి అదే తీగ మీదికి రాలేదు, దూరంగా ఒక ఎండుకొమ్మ మీదికి పోయింది. వేటకు ఒక చోటు, తినడానికి ఇంకో చోటు. ఆ ఎండుకొమ్మ కొట్టేసి ఉంటే మాకు ఈ రెండో చోటు సంగతి తెలిసేదే కాదు.

తొండల గద్ద అని పాత పుస్తకాల్లో రాసిన కెస్ట్రెల్ కూడా తీగలను, స్తంభాలను, రాళ్లను వాడుకుంటుంది, గాలిలో నిలబడి వేటాడుతుంది. బుడమాలి గద్ద, అంటే తెల్లకన్ను బజార్డ్, పొట్టి మోడు మీదనో ఎండిన చెట్టు మీదనో నిటారుగా, చాలాసేపు కదలకుండా కూర్చుంటుంది. మోడు రంగులోనే ఉంటుంది కనుక వేగంగా పోయే బండిలోంచి చూసేవారు దాన్ని మోడులో భాగమే అనుకుని దాటిపోతారు. పాముల గద్ద ఎత్తయిన చోటు కోరుకుంటుంది. జాలె డేగ, తేనెతుట్టెలను కొల్లగొట్టే తేనె గద్ద ఆకుల చాటును ఇష్టపడతాయి. పిల్లి గద్దల సంగతి వేరు. అవి స్తంభాల జోలికి అరుదుగా పోతాయి, గడ్డి భూముల మీద తక్కువ ఎత్తున ఎగురుతూ వేటాడి, నేల మీదే, మట్టిపెళ్ల మీదో గట్టు మీదో దిగుతాయి, రాత్రికి గుంపుగా గడ్డిలోనే పడుకుంటాయి. స్తంభాల మీద మాత్రమే చూపు పెట్టుకుని పోయేవారి లెక్కలో పిల్లి గద్దలు దాదాపు లేనట్టే తేలుతాయి. గుడ్లగూబల గురించి చెప్పనవసరం లేదు, పగటి లెక్కలో వాటికి చోటే లేదు.

పక్షి ఎందుకు వాలి కూర్చుంటుందో కూడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే లెక్క ఏ నెలలో చేశామన్నదాన్ని బట్టి ఫలితం మారేది అందువల్లనే. గాలిలో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడటానికి చాలా శక్తి పడుతుంది, కొమ్మ మీద కూర్చుని చూడటానికి పట్టేది చాలా తక్కువ. అయితే ఎగురుతూ వేటాడితే గంటకు దొరికే ఎర ఎక్కువ. నెదర్లాండ్స్‌లో కెస్ట్రెల్‌లను ఏళ్ల తరబడి వెంబడించిన పరిశోధకులు ఈ లావాదేవీని చక్కగా చూపారు. పిల్లలను సాకే కాలంలో ఆ పక్షులు ఎక్కువగా ఎగురుతూ వేటాడతాయి, చలికాలంలో ఎక్కువగా వాలి వేటాడతాయి. అంటే చలికాలంలో ఒక పక్షి రోజులో ఎక్కువ సమయం స్తంభం మీద కనిపిస్తుంది. ఒక ఏడాది వేసవిలో, మరో ఏడాది చలికాలంలో లెక్కించి పోల్చితే తేడా పక్షులదో కాలానిదో చెప్పలేం. అమెరికా కెస్ట్రెల్‌లలో ఇంకో విశేషం ఉంది. చలికాలంలో ఆడవి బహిరంగ మైదానాల్లో, మగవి చెట్లు కాస్త ఎక్కువగా ఉన్న చోట్లలో ఎక్కువగా కనిపిస్తాయి. రోడ్డు ఎటునుంచి పోతుందన్న దాన్ని బట్టే ఆడ మగ నిష్పత్తి మారిపోయే ప్రమాదం ఉంది కనుక, ఆ తేడా కంటికి తెలిసే జాతుల్లో అది కూడా రాయాలి.

గడియారం కూడా అంతే ముఖ్యం. నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా పెద్ద గద్దలు వాలి ఉంటాయి, ఆ తరువాత లేచి ఆకాశంలో తిరుగుతాయి. అడవి రామదాసు ఉదయం తొలి గంటల్లో, సాయంత్రం చివరి గంటల్లో ఎక్కువగా వేటాడుతుంది. గాలి బలంగా వీచే రోజు పక్షులు తీగలు వదిలి తక్కువ ఎత్తున, చాటుగా వాలడం మేం చాలాసార్లు చూశాం. అందుకే గాలీ వానా ఉన్న రోజుల లెక్కను మేం వాడం.

మా మొదటి చలికాలపు సర్వేలో జరిగిన పొరపాటును ఇక్కడ చెప్పాలి. నాలుగు నెలలు, పదహారు ఉదయాలు, ఒకే దారి. పక్షి పేరు, సంఖ్య, కిలోమీటరు, సమయం రాశాం. వాలిన చోటు రాయలేదు, ఎందుకంటే అది చూస్తే తెలిసేదే కదా అనుకున్నాం. రెండేళ్ల తరువాత ఆ దారిలో ఒక భాగంలో చెట్లు కొట్టేశారు. అప్పుడు మా పాత పుస్తకాలు తిరగేస్తే, కొట్టేసిన చెట్ల మీద ఎన్ని పక్షులు వాలేవో చెప్పే ఒక్క అక్షరం లేదు. జ్ఞాపకాన్ని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు. ఆ పదహారు ఉదయాలను మళ్లీ తెచ్చుకునే దారి లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది, ఇంకొకరికి రాకూడదనే ఇంత పట్టుబడుతున్నాను.

వాలిన చోటు రాయడంతోనూ పని పూర్తి కాదు. ఆ దారిలో వాలడానికి ఏమేం ఉన్నాయో కూడా లెక్కపెట్టాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వంద పక్షుల్లో ఎనభై స్తంభాల మీద, ఇరవై ఎండు చెట్ల మీద కనిపిస్తే, పక్షులకు స్తంభాలంటే ఇష్టమని రాసేస్తారు. ఆ దారిలో స్తంభాలు వెయ్యి, ఎండు చెట్లు యాభై మాత్రమే ఉన్నాయనుకోండి. పన్నెండున్నర స్తంభాలకు ఒక పక్షి, రెండున్నర ఎండు చెట్లకు ఒక పక్షి. అంటే దొరికిన చోట ఎండు చెట్టునే అయిదు రెట్లు ఎక్కువగా ఎంచుకున్నాయి. ఎండు చెట్టు ఎవరికీ అక్కరలేదని మొదట కొట్టేసేవారికి ఈ లెక్క చూపించాలి. ఇందుకోసం కిలోమీటరు కిలోమీటరునా స్తంభాలు, పచ్చని పెద్ద చెట్లు, ఎండు చెట్లు, కంచె గుంజలు, మైలురాళ్లు, హోర్డింగులు లెక్కించి పెట్టుకుంటే చాలు. ఒక రోజు పని. రోడ్డు మారినప్పుడు మళ్లీ ఒక రోజు.

దూరం కొలిచి, దాన్ని బట్టి కనిపించని పక్షులను కూడా అంచనా వేసే గణిత పద్ధతులు ఉన్నాయి, శాస్త్రవేత్తలు వాటిని విరివిగా వాడుతున్నారు. మనం పోయే గీత మీద ఉన్న పక్షులన్నీ కనిపిస్తాయనీ, ఆ గీతకూ పక్షులు ఉండే చోటుకూ సంబంధం లేదనీ అవి ముందుగా అనుకుంటాయి. రోడ్ల విషయంలో ఈ రెండోది నిలవదు. తీగలు, స్తంభాలు, కంచెలు, వరసగా నాటిన చెట్లు అన్నీ రోడ్డు పక్కనే ఉంటాయి. పక్షులు రోడ్డు దగ్గర గుమిగూడటానికి మనమే కారణం అవుతాం. రోడ్డు అంచు గడ్డిలోని ఎలుకలు, బండి కింద పడి చచ్చిన జంతువులు కూడా పిలుస్తాయి. కొన్ని జాతులేమో రొదకు భయపడి దూరంగా పోతాయి. అందుకే రోడ్డు లెక్కతో ‘ఇన్ని చదరపు కిలోమీటర్లలో ఇన్ని పక్షులు’ అని చెప్పేటప్పుడు చాలా జాగ్రత్త కావాలి. అదే దారిలో, అదే కాలంలో, అదే పద్ధతిలో ఏటేటా వచ్చే మార్పును చూడటానికి మాత్రం ఇది మంచి సాధనం, వాలుచోట్ల లెక్క దానికి తోడుంటే.

చేసే తీరు గురించి క్లుప్తంగా చెబుతాను. నడిపేవాడు నడపడమే చేయాలి, చూడకూడదు. చూసేవారు ఇద్దరు, ఒక్కొక్కరికి ఒక వైపు, రాసేవాడు ఇంకొకడుంటే మంచిది. వేగం గంటకు ముప్పై కిలోమీటర్లు దాటకూడదు, అది కుదరని రద్దీ రోడ్డయితే ఆ రోడ్డు వదిలేయాలి. ప్రాణం కన్నా లెక్క పెద్దది కాదు. పక్షి కనబడ్డాక బండిని ముందుకు తీసుకుపోయి, అంచున పూర్తిగా దిగి ఆపాలి. నడుస్తున్న బండిని పట్టించుకోని గద్ద ఆగిన బండిని చూడగానే లేస్తుంది కనుక, మొదట కనబడినప్పుడు ఎక్కడ ఉందో ఆ చోటే రాయాలి, లేచిపోయి వాలిన చోటు కాదు. లేచిన పక్షి ఎటు పోయిందో గమనించాలి. తీగ వెంట ముందుకు ఎగిరి నాలుగు స్తంభాల అవతల వాలితే, మనం దాన్ని మళ్లీ కొత్త పక్షిగా లెక్కించే ప్రమాదం ఉంది. ఇలా ఒకే పక్షి నాలుగుసార్లు లెక్కలోకి వచ్చిన ఉదయాలు మాకు ఉన్నాయి. ఎండ ముఖం మీద పడే దిక్కున పోతే పక్షి నీడలా కనిపిస్తుంది, రంగులు తెలియవు. అందుకే ప్రతిసారీ ఒకే చివరినుంచి మొదలుపెట్టడం మేలు.

స్తంభం అని రాసి ఊరుకోకుండా ఎలాంటి స్తంభమో కూడా రాయమని కోరడానికి ఇంకో కారణం ఉంది, అది లెక్కలకు మించినది. ఒకే తీగ మీద రెండు కాళ్లూ పెట్టి కూర్చున్న పక్షికి ఏమీ కాదు, ఎందుకంటే దాని ఒంటిగుండా కరెంటు పోవడానికి దారి లేదు. రెండు తీగలను ఒకేసారి తాకితే, లేదా ఒక తీగనూ భూమికి కలిపిన ఇనుప అడ్డుకమ్మీనీ తాకితే చనిపోతుంది. చెక్క స్తంభం మీద సాధారణంగా రెండు తీగలు తాకితే తప్ప ప్రమాదం లేదు. ఇనుప కమ్మీ ఉన్న స్తంభం మీద ఒక్క తీగ తాకినా చాలు. రెక్కలు పెద్దవైన గద్దలు, డేగలు, రాబందులు ఎక్కువగా చచ్చేది ఇలాగే. 1970లలో అమెరికాలో మోర్లే నెల్సన్ అనే డేగల శిక్షకుడు ఉత్తుత్తి స్తంభాలు కట్టి, పెంచిన గద్దలు వాటిమీద ఎలా వాలుతున్నాయో చిత్రీకరించి, ఎక్కడ ఎడం పెంచాలో విద్యుత్ సంస్థలకు చూపించాడు. పెద్ద గద్దల కోసం తీగల మధ్య అడ్డంగా కనీసం 60 అంగుళాలు, అంటే సుమారు 152 సెంటీమీటర్లు ఉండాలన్న ప్రమాణం అలాంటి పరిశీలనల నుంచి వచ్చిందే. సూడాన్‌లోని పోర్ట్ సూడాన్ దగ్గర 31 కిలోమీటర్ల ఒకే ఒక లైను దశాబ్దాల పాటు తెల్ల రాబందులను చంపుతూ వచ్చింది. స్తంభాల కింద కళేబరాలను 1980లలో ఒకసారి, 2010లో మరోసారి లెక్కించినవారు ఉండబట్టి అది బయటపడింది, 2014లో ఆ లైనును ఆపేశారు.

అందువల్ల ‘తీగల మీద గద్దలు పెరిగాయి’ అన్న వార్త నాకు సంతోషంతో పాటు ఆందోళన కూడా కలిగించింది. చెట్లు పోయి స్తంభాలే మిగిలితే పక్షులు వాటిని వాడక తప్పదు. ఆ స్తంభాలు ఎలాంటివో తెలియకుండా ఇది శుభవార్తో అశుభవార్తో చెప్పలేం. ఏ రకం స్తంభం మీద, స్తంభంలో ఏ చోట, అంటే కొన మీదనా, అడ్డుకమ్మీ మీదనా, తీగ మీదనా, ట్రాన్స్‌ఫార్మర్ మీదనా అని రాసుకుంటే, వెయ్యి స్తంభాల్లో ఏ యాభైకి ముందుగా కరెంటు తగలకుండా తొడుగులు వేయాలో ఆ కాగితమే చెబుతుంది. అన్నింటికీ వేయడం ఎవరి వల్లా కాదు, ఆ యాభైకి వేయడం కష్టం కాదు.

ఈ సందర్భంలో మీకు రెండు మనవులు. పక్షుల లెక్కల గురించి వార్త ప్రచురించినప్పుడు ఎంత దూరం, ఏ నెల, ఏ గంట, ఎంత వేగం, ఎంతమంది చూశారు, పక్షులు ఎక్కడ వాలి ఉన్నాయి అన్న వివరాలు రెండు వాక్యాల్లోనైనా ఇవ్వండి. పదేళ్ల తరువాత మరొకరు అదే దారిలో పోయి పోల్చి చూడటానికి మీ పత్రికే ఆధారం అవుతుంది. ఇక రోడ్లు వెడల్పు చేసే పనుల గురించి రాసేటప్పుడు, చెట్లు కొట్టకముందు ఒక చలికాలం, కొట్టాక ఒక చలికాలం వాలుచోట్లతో సహా లెక్క తీయమని సంబంధిత శాఖలను అడగండి. రోడ్డుకు ఆనుకుని కాకుండా, బండ్లకు తగలనంత దూరంలో ఉన్న పెద్ద చెట్లను, ముఖ్యంగా ఎండు మోడులను వదిలిపెట్టమని కూడా అడగండి. వేటకు దిగే పక్షి కింది చూపుతో, తక్కువ ఎత్తున రోడ్డు దాటుతుంది. బండి తగిలి రెక్క విరిగిన అడవి రామదాసును చేతుల్లోకి తీసుకున్నవారికి ఆ దూరం ఎందుకు కావాలో వేరే చెప్పనక్కరలేదు. అరచేతిలో దానికి బరువే ఉండదు, కన్ను మాత్రం చివరిదాకా మనల్నే చూస్తుంది.

మీ విలేకరి రాసిన దారి మాకూ తెలుసు, పాత చెట్లు ఉన్నప్పటి లెక్క మా దగ్గర లేకపోయినా ఇప్పటి లెక్క మొదలుపెట్టవచ్చు. వచ్చే చలికాలంలో నెలకు నాలుగు ఉదయాల చొప్పున ఆ దారిలో తిరగాలని అనుకుంటున్నాం. మొదటి రోజు స్తంభాలు, చెట్లు, మోడులు లెక్కిస్తాం. మేం వాడే పట్టిక నమూనా ఒకటి ఈ ఉత్తరంతో పంపుతున్నాను, అందులో వాలిన చోటుకు మూడు గడులు ఉన్నాయి, ఎవరైనా వాడుకోవచ్చు. ఆ విలేకరికి వీలుంటే ఒక ఉదయం మాతో రమ్మని చెప్పండి. ఎడమవైపు చూడటానికి మనిషి కావాలి, బైనాక్యులర్ మా దగ్గర ఒకటి అదనంగా ఉంది.

ఇట్లు,
రోడ్ల వెంట వేటాడే పక్షులను లెక్కించే మీ పాఠకుడు